గేజ్ మీదికి రోలర్ ఎక్కితే అబ్బాయికి పెళ్లి చేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో సివిల్‌లో ఎమ్మెస్ చేసి టెక్సస్‌లో మట్టి పరీక్షలు చేసే ఒక కంపెనీలో చేరాడు. పోయిన నెల రోడ్డు పని దగ్గర, మట్టి ఎంత గట్టిపడిందో కొలిచే వాడి న్యూక్లియర్ మెషీన్ (గేజ్ అంటారట) మీదికి రోలర్ ఎక్కిందట. మట్టిలోకి దించే రాడ్డు వంగి బయటే ఉండిపోయిందట. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే ‘ట్రక్కులో వేసుకుని వచ్చెయ్’ అన్నాడట. వీడు హ్యాండిల్ పట్టుకుని ఎత్తి, వెనక పెట్టుకుని, ముప్పావుగంట నడుపుకుంటూ ఆఫీసుకి తెచ్చాడు. ఇదంతా వాడి స్నేహితుడు చెప్తే తెలిసింది. ఇక్కడ సంబంధాలు చూస్తున్నాం. రేడియేషన్ తగిలితే పిల్లలు పుట్టరని మా బావమరిది అందరి ముందూ అనేశాడు. అప్పటినుంచి మా ఆవిడకి నిద్ర లేదు. వాణ్ణి వచ్చెయ్యమనమంటారా మేడం?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు మీ బావమరిదిగారి మాట తేల్చేద్దాం. సంబంధాలు నిక్షేపంగా చూసుకోండి.

నేను ఇక్కడ హ్యూస్టన్ చుట్టుపక్కల ఇవే మెషీన్లు మోసి, తర్వాత కంపెనీకి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని అయినదాన్ని. అందుకని లెక్కతోనే చెప్తాను. రాడ్డు కొసన ఉండేది సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం, మామూలుగా 8 మిల్లీక్యూరీలు (దాని శక్తికి కొలత). అడ్డేమీ లేకపోతే మీటరు దూరంలో గంటకు సుమారు 0.026 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే డోసుకి కొలత) తగులుతుంది. చెయ్యి హ్యాండిల్ మీద ఉంది కాబట్టి సోర్సుకూ, అంటే ఆ సీసియానికీ, ఒంటికీ అరమీటరు ఎడం అనుకుందాం. ఎత్తి పెట్టడానికి ఐదు నిమిషాలు. ఆ తర్వాత ముప్పావుగంట రెండు మీటర్ల ముందు కూర్చుని డ్రైవింగ్. అంతా కలిపినా 0.02 మిల్లీసీవర్టులు దాటదు. భూమి నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ ఊరికే మూడు రోజుల్లో తగిలేది అంతే. మగవాళ్లలో తాత్కాలికంగానైనా వీర్యకణాలు తగ్గాలంటే ఒక్కసారిగా 150 దాకా తగలాలి. ఈ లెక్క మీ బావమరిదిగారికి చదివి వినిపించండి.

1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో నలుగురు చనిపోయింది కూడా సీసియం-137 వల్లే. కానీ అది ఆసుపత్రి చికిత్స యంత్రంలోది, మీవాడి రాడ్డులో ఉన్నదానికి లక్షన్నర రెట్లకు పైన. పైగా అక్కడ గుళికనే పగలగొట్టారు. గేజ్‌లో సీసియం స్టీలు గుళికలో గుళికగా వెల్డింగ్ చేసి ఉంటుంది. రోలర్ ఎక్కితే పైనున్న పసుపు పెంకు, లోపలి ఎలక్ట్రానిక్స్ పచ్చడవుతాయి గానీ గుళిక సాధారణంగా చెక్కుచెదరదు.

అలాగని జరిగింది చిన్న విషయం కాదు. నాకు కోపం తెప్పించింది ఆ సూపర్‌వైజర్ మాట. రాడ్డు లోపలికి పోని గేజ్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. హ్యాండిల్ దగ్గర పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. కొసనే పట్టుకుని ఉంటే వేళ్లకు నిమిషానికి 4 మిల్లీసీవర్టుల దాకా తగిలేది. చేయాల్సింది ఇదీ: రోలర్‌ని ఉన్నచోటే ఆపించి, చుట్టూ ఐదు మీటర్ల మేర తాడు కట్టి, ఎవర్నీ రానివ్వకుండా సేఫ్టీ ఆఫీసర్‌కి ఫోన్ చేయాలి. ఆయన రేడియేషన్ కొలిచే మీటరు తెచ్చి చూసి, రోలర్ చక్రాలకేమీ అంటలేదని తేల్చేదాకా అది కదలకూడదు. గేజ్‌ని దూదిపుల్లతో తుడిచి లీక్ టెస్ట్‌కి పంపాలి. పుల్లకు అంటింది 0.005 మైక్రోక్యూరీలు దాటితే లీకైనట్టే. ఆ తర్వాతే గేజ్ కదలాలి, అదీ తగిన కవచంలో పెట్టి.

మీవాడు రెండు పనులు చేయాలి. ఛాతీమీద పెట్టుకున్న, డోసు నమోదుచేసే బ్యాడ్జీని మూడు నెలల గడువు దాకా ఆగకుండా ఇప్పుడే ల్యాబ్‌కి పంపమని రాతపూర్వకంగా అడగాలి. నా లెక్క కంటే దాని మాటే నిజం. రెండోది, లీక్ టెస్ట్ రిపోర్టు చూపించమనాలి. తన డోసు రికార్డు అడగడం ఉద్యోగి హక్కు. కంపెనీ కిమ్మనకపోతే టెక్సస్ రాష్ట్ర ఆరోగ్యశాఖ రేడియేషన్ విభాగానికి తనే చెప్పొచ్చు. ఆ కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. వీసా టెన్షన్‌తో మన పిల్లలు నోరు మెదపరు, అది నాకూ తెలుసు. కానీ ఇది దాచిపెడితే తర్వాత మెడకు చుట్టుకునేది సంతకం పెట్టి గేజ్ తీసుకెళ్లినవాడికే.

ఇక రోలర్ ఎందుకు ఎక్కుతుందంటే, గేజ్ మోకాలెత్తు కూడా ఉండదు. దుమ్ములో, రివర్సులో వచ్చే డ్రైవర్‌కి అది కనపడదు. రీడింగ్‌కి ఒక నిమిషం పడుతుంది. డోసు తగ్గాలంటే కాస్త ఎడంగా నిలబడమని ట్రైనింగ్‌లో మేమే చెప్తాం. కుర్రాడు ఆ ఎడాన్ని ట్రక్కు దాకా సాగదీసి, ఏసీ వేసుకుని ఫోన్ చూసుకుంటాడు. నేను చెప్పేది నాలుగడుగులు, ముఖం రోలర్ వైపు. చూసిన రోలర్ కేసులన్నిట్లోనూ టెక్నీషియన్ పక్కన లేడు. రీడింగయ్యాక హ్యాండిల్ పైకి లాగితే ‘ఠక్’మని పడాలి. బంకమట్టి ఇరుక్కుంటే అడుగునున్న టంగ్‌స్టన్ దిమ్మ పూర్తిగా మూసుకోదు. టెక్సస్ నల్లమట్టి మన నల్లరేగడికి ఏమాత్రం తీసిపోదు. అందుకే పెట్టెలో పెట్టేముందు ప్రతిసారీ మీటరుతో చూసుకోమనండి.

ప్రశ్న: నేను తెలంగాణలో ఒక హైవే ప్యాకేజీలో సైట్ ఇంజనీర్‌ని. మట్టి గట్టిదనానికి మేం ఎక్కువగా శాండ్ రీప్లేస్‌మెంటే (గుంట తీసి ఇసుక నింపి కొలిచే పరీక్ష) చేస్తాం. పాత కాంట్రాక్టర్ వదిలేసిన గేజ్ ఒకటి స్టోర్లో సిమెంటు బస్తాల పక్కన ఉంది. గోడకి అవతల వాచ్‌మన్ కుటుంబం పడుకుంటుంది. ప్రమాదమా?
— ఒక ఇంజనీర్, మహబూబ్‌నగర్

జవాబు: మీ ఉత్తరమే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. రాడ్డు లోపలే ఉన్నా పెట్టెకు మీటరు దూరంలో గంటకు 3 నుంచి 6 మైక్రోసీవర్టులు (మిల్లీసీవర్టులో వెయ్యో వంతు) ఉంటుంది. రాత్రికి పదిగంటల చొప్పున అక్కడ పడుకునే పిల్లలకు, గోడ అడ్డాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, నెలా పదిరోజుల్లోపే ఏడాది మొత్తానికి అనుమతించిన 1 మిల్లీసీవర్టు దాటిపోతుంది. ఈ రాత్రే వాళ్ల పడక మార్పించండి. స్టోరుకి తాళం, పెట్టెకి ఇంకో తాళం. అమెరికాలో 2005 నుంచి, గేజ్ కళ్లముందు లేనప్పుడు రెండు వేర్వేరు అడ్డంకులు ఉండాలన్నది రూలు. ట్రక్కుల్లోంచి దొంగలు ఎత్తుకుపోవడం ఎక్కువై పెట్టారు.

అసలు భయం పాతసామాన్లవాళ్లతో. ఢిల్లీ యూనివర్సిటీలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న కోబాల్ట్ యంత్రాన్ని 2010లో వేలం వేస్తే మాయాపురి తుక్కు బజారుకి చేరి ఒక మనిషి ప్రాణం తీసింది. మీ గేజ్‌లో అంత శక్తి లేదు. అయినా గేజ్ అడుగున ఉండే రెండో రేడియోధార్మిక పదార్థం అమెరీషియం సగానికి తగ్గడానికే 432 ఏళ్లు. పెట్టెమీది కంపెనీ పేరు, సీరియల్ నంబరు, మూడు రేకుల రేడియేషన్ గుర్తు ఫొటో తీసి ముంబైలోని ఏఈఆర్‌బీకి (అణుశక్తి నియంత్రణ మండలి) రాయండి. దాని లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గర ఉంటుంది. సోర్సు తిరిగి సప్లయర్‌కి చేరాలి. మేనేజర్ ‘మనకెందుకులే’ అంటే ఆయనకు కాపీ పెట్టి మరీ పంపండి.