అరచేతుల్లో గట్టి పొక్కులు, ఛాతీపై మచ్చలు: దేవరకొండ వైపు బోరు నీటిలో ఆర్సెనిక్ ఉందని అనుమానించాలా?

దేవరకొండ దగ్గరి పల్లెలో ఉంటున్న మీ అమ్మగారికి అరచేతుల్లో గట్టి పొక్కులు, ఛాతీపై మచ్చలు వచ్చాయనీ, ఇంట్లో ఏళ్ల తరబడి బోరు నీళ్లే తాగుతున్నారనీ, నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే చర్మం ఇలాగే అవుతుందని బంధువు ఒకరు వీడియో పంపారనీ రాశారు. నేను వైద్యుణ్ణి కాను. మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగాను. తర్వాత విత్తనాల కంపెనీ ఉద్యోగం మీద పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో కొన్నేళ్లు ఉన్నాను. అందువల్ల ఈ రెండు రకాల నీళ్లు మనుషులను ఏం చేస్తాయో దగ్గర నుంచి చూసే అవకాశం కలిగింది. ఆర్సెనిక్ చర్మాన్ని దెబ్బతీస్తుందన్న మాట పూర్తిగా నిజం. అయితే మీ ఊరి విషయంలో ముందుగా అనుమానించవలసింది అది కాదని నా అభిప్రాయం. పరీక్ష చేయించకుండా కొట్టిపారేయడం కూడా సరికాదు.

మన నల్లగొండ జిల్లాలో నీటి జబ్బు అనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడే. అది పళ్లకు గార పట్టిస్తుంది, ఎముకలను వంచుతుంది, ముదిరితే మెడ తిప్పనివ్వదు. కానీ అరచేతుల చర్మాన్ని మందంగా మార్చదు, ఛాతీ మీద చుక్కలు తేదు. మన గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. బెంగాల్‌లో పరిస్థితి వేరు. అక్కడ గంగ తెచ్చి పోసిన ఒండ్రు మట్టిలో ఇనుప ఆక్సైడ్లను అంటిపెట్టుకుని ఆర్సెనిక్ ఉంటుంది. నేల లోపల గాలి సోకని చోట ఆ ఆక్సైడ్లు కరిగినప్పుడు అది నీళ్లలో కలుస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాల వల్ల కూడా ఆర్సెనిక్ భూమిలోకి చేరవచ్చు. మన రాష్ట్రంలో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో అలాంటి కాలుష్యాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు. కాబట్టి మీ బోరు చుట్టుపక్కల రసాయన ఫ్యాక్టరీ ఏదైనా ఉంటే నా అభిప్రాయాన్ని పక్కన పెట్టి, అనుమానాన్ని గట్టిగానే పట్టుకోండి.

నదియాలో మేము అద్దెకున్న ఇంటి యజమానికి ఆర్సెనిక్ వల్ల వచ్చే ఈ చర్మపు జబ్బు ఉండేది. ఆయన నోట్లు లెక్కపెడుతుంటే వేళ్ల కింద కాగితం గీరుకుంటున్న చప్పుడు వినిపించేది. రెండు అరచేతుల నిండా, ముఖ్యంగా బొటనవేలి కింది కండ మీదా వేళ్ల పక్కలా, జొన్నగింజలంత గట్టి బుడిపెలు ఉండేవి. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో నానబెట్టి, అరికాళ్ల మీది పొరను బ్లేడుతో చెక్కుకునేవారు. కొన్నాళ్లకే అది మళ్లీ పేరుకునేది. చొక్కా విప్పితే వీపంతా నల్లబారి, ఆ నలుపు మధ్యలో తెల్లటి చిన్న చుక్కలు కనిపించేవి. పెరట్లోని చేతిపంపు నీళ్లే ఆయన భార్య కూడా తాగినా, ఆమెకు కొద్దిపాటి మచ్చలు తప్ప ఏమీ లేవు. ఒకే నీళ్లు తాగిన ఇంట్లో కూడా ఇలాంటి తేడాలు ఉంటాయనీ, సరైన తిండి లేనివారిపై ప్రభావం ఎక్కువగా ఉంటుందనీ అక్కడి వైద్యులు చెప్పేవారు. ఇరుగుపొరుగు మాత్రం కుష్ఠు అనుకుని ఆయనకు చాలాకాలం దూరంగా మసిలారట. ఇది అంటుకునే జబ్బు కాదు.

పశ్చిమ బెంగాల్‌లో ఈ రోగులను 1983లో మొదట గుర్తించింది కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ చర్మ వైద్యులు డాక్టర్ కె.సి. సాహా. చెరువు నీళ్లతో వచ్చే విరేచనాలు, కలరా తప్పించుకోవడానికి బంగ్లాదేశ్‌లో లక్షల సంఖ్యలో వేసిన గొట్టపు బావుల్లోనూ 1993లో ఇదే విషం బయటపడింది. అక్కడ పరీక్షలు చేసి ప్రమాదకరమైన పంపులకు ఎర్ర రంగు, మంచివాటికి పచ్చ రంగు వేశారు. రంగు, రుచి, వాసన ఏవీ లేని విషం కావడంతో పంపుకు రంగు పూయడం తప్ప జనానికి తెలియజేసే మరో మార్గం లేదు.

చర్మం మీదే ఇంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఉంది. ఆర్సెనిక్ గంధకం ఉన్న ప్రోటీన్లను పట్టుకుంటుంది. చర్మం, గోళ్లు, వెంట్రుకల్లో ఉండే కెరటిన్ అలాంటిదే. అయినా ఇది నాలుగు నెలల్లో వచ్చేది కాదు. సాధారణంగా కనీసం ఐదేళ్లు ఆ నీళ్లు తాగిన తర్వాతే మచ్చలు, బుడిపెలు తేలుతాయి. అంతకంటే ఆలస్యంగా కొందరిలో చర్మ క్యాన్సర్ రావచ్చు. మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

ఇక అమ్మగారి సంగతి. మీ రాతను బట్టి బుడిపెలు కుడి అరచేతిలోనే ఎక్కువగా ఉన్నాయి. ఆర్సెనిక్ వల్ల వచ్చేవి సాధారణంగా రెండు చేతుల్లోనూ, రెండు అరికాళ్లలోనూ కనిపిస్తాయి. కొడవలి, పార పట్టే చేతికి కాయలు కాయడం, ఉలిపిరులు రావడం, ఛాతీ మీద శోభి మచ్చలు లేవడం మన వైపు సర్వసాధారణం. వీటిని చర్మ వైద్యులు చూసి తేల్చగలరు. వారి దగ్గరికి వెళ్లినప్పుడు తప్పక చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది: ఆమె ఉబ్బసానికో, కీళ్ల నొప్పులకో ఏళ్ల తరబడి నాటుమందులు వాడారా? హరితాళం, మణిశిల అనేవి ఆర్సెనిక్ ఖనిజాలే. వాటితో చేసిన మందుల వల్ల, నీళ్లు మంచివైనా, అచ్చం ఇవే బుడిపెలు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చాలామంది మూలికల మందే కదా అని వైద్యునికి చెప్పరు.

నీటి పరీక్ష గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. ఫిల్టర్ అమ్మే మనిషి గ్లాసులో ముంచి చూపించే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తంగా ఎంతున్నాయో చూపేది) ఆర్సెనిక్‌ను గుర్తించదు. కఠినత్వం, ఉప్పు, ఫ్లోరైడ్ చూసే మామూలు రిపోర్టులో కూడా అది ఉండదు, విడిగా అడగాలి. మన ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, ఆర్సెనిక్ అయితే అందులో నూరో వంతు, అంటే 0.01 మిల్లీగ్రాము మాత్రమే. జిల్లా నీటి పరీక్షా ప్రయోగశాలలో అడగండి, అక్కడ కాకపోతే హైదరాబాద్‌లో చేసే ల్యాబ్ ఏదో వారే చెబుతారు. సీసా, అందులో వేయవలసిన యాసిడ్ వారి దగ్గరే తీసుకోండి. రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. బోరు నీళ్లను మరిగించడం వల్ల ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరై మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. స్నానానికీ బట్టలకూ ఆ నీళ్లు వాడినా భయం లేదు.

ఒకవేళ ఆర్సెనిక్ అని తేలితే దాన్ని ఒంట్లోంచి లాగేసే నమ్మకమైన మందు ఏదీ లేదు. నీళ్లు మార్చడమే అసలు చికిత్స. మచ్చలు కొంత తగ్గవచ్చు, బుడిపెలు మెత్తబడటానికి యూరియా, శాలిసిలిక్ యాసిడ్ లేపనాలు ఇస్తారు. వైద్యులు మూత్ర పరీక్ష రాస్తే, దానికి ముందు కొన్ని రోజులు చేపలు, రొయ్యలు తినవద్దు, వాటిలోని హానిలేని ఆర్సెనిక్ లెక్క తప్పిస్తుంది. కారణం ఏదైనా సరే, బుడిపెల్లో ఏదైనా పెరిగినా, పగిలి రక్తం కారినా, మానని పుండు పడినా నెలల తరబడి ఆగకుండా ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి. బ్లేడుతో చెక్కుకోవద్దని అమ్మగారికి ఇప్పుడే చెప్పండి.