కొండ ఎరుపు ఒక్క రంగు కాదు
(పాఠకుల ప్రశ్నలకు చిత్రకారుడి సమాధానాలు)

ప్రశ్న: ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన తరువాత రెండేళ్లుగా తైలవర్ణ చిత్రాలు వేయడం నేర్చుకుంటున్నాను. ఇన్నాళ్లూ క్యాలెండర్లలోని మంచు కొండలను చూసి వేశాను. మన ప్రాంతాన్ని వేయమని మా అబ్బాయి అనడంతో తలకోనకూ, కపిలతీర్థానికీ వెళ్లి సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకువచ్చి వేశాను. కొండ ఇటుక గోడలా వచ్చింది, నీడలు మసి పూసినట్టు వచ్చాయి. ఇంత పేరున్న చోట్లు చూసినా నాలో స్ఫూర్తి కలగడం లేదేమోనని దిగులుగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

సమాధానం: అమ్మా, స్ఫూర్తి లేదని మీరు అనుకుంటున్నది నాకు కొండ ముందు కూర్చున్న సమయం చాలకపోవడంగానే కనిపిస్తోంది. ముందుగా ఫొటో సంగతి చెబుతాను. వెలుతురు బాగా ఉన్న భాగానికి కెమెరా సర్దుకున్నప్పుడు నీడలో ఉన్న వివరమంతా నల్లగా కలిసిపోతుంది. మన కన్ను అలా కాదు, నీడలోకి చూపు మళ్లగానే దానికి అలవాటుపడి అక్కడి రంగులను కూడా పట్టుకుంటుంది. ఆరుబయట నీడకు పైనుంచి ఆకాశపు నీలం, కిందనుంచి ఎర్రమట్టి వెలుగు రెండూ అందుతాయి. అందుకే దగ్గర కూర్చుని చూసిన వారికి ఊదా, బూడిద, ఒక్కోచోట పాత బెల్లం రంగు కూడా కనిపిస్తాయి. నల్లరంగు ట్యూబును కొన్నాళ్లు పక్కన పెట్టి, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలుపుతూ నీడలు వేయండి. పాళ్లు మార్చిన కొద్దీ వెచ్చని నీడ, చల్లని నీడ రెండూ ఆ రెండు రంగులలోనే దొరుకుతాయి.

ఇక కొండ దగ్గరకు వద్దాం. తిరుపతి పట్టణం శేషాచలం కొండలకు దక్షిణపు అడుగున ఉంది కాబట్టి ఊరి నుంచి మనకు కనిపించే చరియ దక్షిణానికి తిరిగి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో సూర్యుడు దక్షిణంగా నడవడం వలన ఉదయపు ఏటవాలు వెలుగు ఆ చరియ మీద పక్కనుంచి పడి, రాతి పొర పొరకూ సన్నని నీడగీత గీస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తిని దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు నిటారు చరియ తన నీడలో తానే నిలబడి ఉంటుంది. ఈ సంగతి తెలియని రోజులలో నేను జనవరిలో మొదలుపెట్టిన కాన్వాసును మే నెలలో ముగించాలని కూర్చుని, నా కొండ ఎక్కడికి పోయిందో అర్థంకాక రెండు వారాలు అవస్థపడ్డాను. వానకాలం మళ్లీ వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు రాయి తడిసి నల్లబడుతుంది, కపిలతీర్థం దగ్గర నీరు దూకుతుంది. నీటిని తెల్లరంగుతో మొదలుపెట్టకండి. తడిసిన రాయిని ముందు వేస్తే, చివరికి నాలుగైదు కుంచె గీతలతోనే జలపాతం నిలుస్తుంది. సుమారు 270 అడుగుల తలకోన జలపాతానికీ ఇదే వర్తిస్తుంది.

ఇటుక గోడలా వచ్చిందన్నారు కదా, అది చేతి కదలికకు సంబంధించిన విషయం. తిరుమల కొండ పైభాగం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, అది పొరలు పొరలుగా ఉంటుంది. దాని కింద గ్రానైటు ఉంది, ఈ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. కొండ మీది శిలాతోరణం కూడా ఆ పొరల రాయే. దాని వెడల్పు దాదాపు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు మాత్రమే అయినా, చాలామంది దానిని ఆకాశమంత ఎత్తున వేసి దాని అసలు అందాన్ని పోగొడతారు. పొరల రాయికి అడ్డంగా నడిచే కుంచె కావాలి, ఒక్కో పొర మందం వేరుగా రావాలి. మీ చంద్రగిరి కోట గుట్ట గ్రానైటు కాబట్టి అక్కడ గుండ్రంగా తిరిగే చెయ్యి కావాలి.

నిజానికి మీరు తలకోన దాకా వెళ్లనక్కరలేదు. రాజమహలు మీ ఊళ్లోనే ఉంది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మూడంతస్తుల భవనం గోడలు పొద్దున తేనెరంగులో, మబ్బు పట్టినప్పుడు బూడిద రంగులో కనిపిస్తాయి. ఫ్రాన్సులో క్లాడ్ మోనే 1892, 1893 సంవత్సరాలలో రువాన్ పట్టణపు చర్చి ముఖభాగాన్ని వేర్వేరు వేళల వెలుగులో 30కి పైగా కాన్వాసుల మీద వేశాడు. మీరు ఎనిమిది అంగుళాల చిన్న కాన్వాసులు ఆరు తీసుకుని, ఆ మహలు ఎదుట ఒకే చోట, ఆరు వేర్వేరు గంటలలో కూర్చోండి. గంటన్నర దాటితే నీడలు జరిగిపోతాయి, ఆపేయండి. మొదటి పూత టర్పెంటైన్‌తో పలుచగా, పై పూతలలో అవిసె నూనె పాలు పెంచుతూ వేయండి. నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. కింద నూనె ఎక్కువగా ఉండి పైన తక్కువైతే, పై పూత ముందుగా బిగిసి పగుళ్లు వస్తాయి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయవద్దు, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరబెట్టాలి. ముఖ్యంగా అడవి అంచున కూర్చునేటప్పుడు ఈ మాట మరువవద్దు.

ప్రశ్న: మా ఊరి కళ కలంకారీ. తైలవర్ణ చిత్రకారుడు దాని నుంచి తీసుకోదగినది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

సమాధానం: ఉంది, అయితే నెమళ్లు, తీగలు, దేవతామూర్తులను కాన్వాసు మీదికి ఎత్తి రాయడం నాకు నచ్చదు. ఆ నల్లని గీతకు కరక్కాయ, పాలలో నానిన బట్ట మీదనే ప్రాణం ఉంటుంది. తైలవర్ణంలో అంచులు ఒకదానిలో ఒకటి కరగాలి. కలంకారీ పనివారి దగ్గర మీరు నేర్చుకోవలసినది, ఉన్న కొద్ది రంగులతోనే అంతా చెప్పే నిగ్రహం. బెల్లం, ఇనుము నీటిలో పులియబెట్టి నలుపు తీసే వారు రంగును అంగడిలో కాక చుట్టూ వెతుక్కున్నారు. మీరూ ఒకసారి ప్రయత్నించండి. మీ పొలం గట్టు మీది ఎర్రమట్టిని నీటిలో కలిపి, ఇసుక అడుగుకు చేరిన వెంటనే పై నీటిని మరో గిన్నెలోకి వంచి, అందులో పేరుకున్న మెత్తని మట్టిని ఎండబెట్టి, గాజు పలక మీద అవిసె నూనెతో నూరండి. మట్టికి ఆ ఎరుపు ఇనుము వలన వచ్చినదే కాబట్టి ఎండకు వెలిసిపోదు. చిన్న కాన్వాసు ముక్క మీద పూసి, బాగా ఎండిన తరువాత వేలితో రుద్ది చూడండి. వేలికి పొడి అంటితే నూనె చాలలేదని అర్థం, మరికొంత చేర్చి మళ్లీ నూరండి.