ఆటకు ముందు నొప్పి మాత్ర, ఆట తర్వాత గ్యాస్ మాత్ర: ముందు గుండె చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46. విజయవాడ పటమటలో ఉంటాం, సొంత బట్టల షాపు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 86 కిలోలు. షటిల్ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. రోజూ తెల్లవారుజామున మా బ్యాచ్‌తో గంటన్నర డబుల్స్ ఆడతాను, వారానికి రెండుసార్లు జిమ్‌కు వెళ్తాను. ఎవరు ఎంత నడిచాం, ఎంత పరిగెత్తాం అని అందరం వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటాం. ఈ చలికాలంలో విశాఖలో హాఫ్ మారథాన్ పరిగెత్తాలి, ఆలోపు 75 కిలోలకు రావాలి అనేది నా టార్గెట్. మోకాలి నొప్పి ఉండటంతో ఆటకు ముందు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. బీపీకి ఐదేళ్లుగా టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. నెల రోజులుగా బ్యారేజీ వైపు పరిగెత్తినా, దుర్గ గుడి మెట్లెక్కినా ఛాతీలో గ్యాస్ పట్టేస్తోంది. పాంటాప్రజోల్ వేసుకుని కూర్చుంటే ఐదు నిమిషాల్లో పోతోంది. పరుగుకు ఎలాంటి బూట్లు కొనాలి? ప్రొటీన్ పౌడర్ వాడొచ్చా? వాచీలో గుండె వేగం 170 చూపిస్తోంది, ఎంతవరకు ఉండొచ్చు? థైరాయిడ్ మాత్ర వాడుతున్న మా ఆవిడ పరగడుపున వాకింగ్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బూట్లు, పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ ‘గ్యాస్’ దగ్గర నేను ఆగిపోయాను. రేపు ఉదయం షటిల్ కోర్టుకు వెళ్లకండి. పరుగు, జిమ్, గుడి మెట్లు కూడా ఆపండి. ఈ జవాబు చదివిన రోజే, కుదరకపోతే మర్నాడు, గుండె డాక్టరును కలవండి.

ఎందుకంటున్నానో చెబుతాను. పరిగెత్తితే వస్తోంది, మెట్లెక్కితే వస్తోంది, కూర్చుంటే పోతోంది. కడుపులో గ్యాస్ మామూలుగా ఇలా లెక్క ప్రకారం రాదు. తిన్నాక వస్తుంది, పడుకున్నాక వస్తుంది, రాత్రి నిద్ర లేపుతుంది. శ్రమ పడినప్పుడే వచ్చి విశ్రాంతితో తగ్గిపోయే ఛాతీ బరువును మేము గుండె రక్తనాళాల కోణంలోనే ముందు చూస్తాం. నాళం కొంత పూడుకుపోయి ఉన్నా, ఊరికే కూర్చున్నప్పుడు గుండెకు వచ్చే రక్తం సరిపోతుంది. స్మాష్ కొట్టేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు గుండె కండరానికి ఎక్కువ రక్తం కావాలి, అది అందదు. అప్పుడే బరువుగా, పట్టేసినట్టుగా, మంటగా అనిపిస్తుంది. ఆగితే అవసరం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. ఆంజైనా అంటే ఇదే.

‘మాత్ర వేసుకుంటే ఐదు నిమిషాల్లో పోతోంది’ అన్నారు. పాంటాప్రజోల్ ఐదు నిమిషాల్లో పనిచేసే మందు కాదండీ. ఆ మాత్ర పైపూత కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాక కరుగుతుంది. మందు రక్తంలో కలిసి ఆమ్లం ఊరడాన్ని తగ్గించేసరికి గంటలు పడుతుంది. మీకు ఉపశమనం ఇచ్చింది మీరు కూర్చోవడం. మాత్ర వేసుకోకుండా కూర్చున్నా అంతే సమయంలో తగ్గి ఉండేది. పేరు మాత్రం మాత్రకు వచ్చింది, దాంతో మీకు ధైర్యం వచ్చింది, నెల గడిచిపోయింది.

ఓపీలో రోజూ చూసేదే ఇంకొకటి చెబుతాను. ‘గ్యాస్ అండీ’ అంటూ వచ్చేవాళ్లను ఎక్కడ అని అడిగితే కొందరు వేలితో ఒక చోట పొడిచి చూపిస్తారు. కొందరు అరచేయి మొత్తం ఛాతీ మధ్యలో ఆనిస్తారు, లేదా పిడికిలి బిగించి అక్కడ పెడతారు. వీళ్లకు తాము ఏం చూపిస్తున్నదీ తెలియదు. ఆ పిడికిలి చూడగానే నేను ఈసీజీ రాసేస్తాను. మీ చేయి ఎక్కడికి వెళ్తోందో మీరే ఒకసారి గమనించుకోండి.

మిమ్మల్ని చూడకుండా ఇది గుండె జబ్బే అని నేను చెప్పడం లేదు, చెప్పకూడదు కూడా. ఎసిడిటీ కావచ్చు, ఛాతీ కండరాల నొప్పి కావచ్చు. అయితే 46 ఏళ్లు, బీపీ, 86 కిలోల బరువు, శ్రమతో వచ్చే ఛాతీ బరువు, అదీ కొత్తగా నెల రోజుల్లో మొదలైంది. ఇన్ని ఒక్కచోట చేరినప్పుడు గుండె కాదని తేలేదాకా గుండె అనే అనుకోవాలి. కొత్తగా మొదలైన ఆంజైనాను మేము పాతదాని కంటే ఎక్కువ సీరియస్‌గా తీసుకుంటాం. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా రావచ్చు. అది చూసి ఇంటికొచ్చేయకండి. ఎకో (గుండె స్కానింగ్) అవసరమా, టీఎంటీ చేయాలా, యాంజియోగ్రామ్ (రక్తనాళాల్లో అడ్డంకులు చూసే పరీక్ష) దాకా వెళ్లాలా అనేది మిమ్మల్ని చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూసే పరీక్ష. నేరుగా ల్యాబుకు వెళ్లి మీ అంతట మీరు చేయించుకునేది కాదు. షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూడమని అడగండి. మీ ఉత్తరంలో షుగర్ మాటే లేదు. షుగర్ లేదనా, లేక ఎప్పుడూ చూపించుకోలేదనా?

ఈలోగా ఊరికే కూర్చున్నప్పుడు ఛాతీ బరువెక్కినా, కూర్చున్నా పది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా 108కి ఫోన్ చేయండి. బైకు మీద మీరే బయల్దేరకండి. పక్కింటివాళ్ల దగ్గర సార్బిట్రేట్ అనే గుండె నొప్పి మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టుకోవడం మన దగ్గర బాగా అలవాటైంది. దానివల్ల బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకున్నవాళ్లకు ప్రాణం మీదకే వస్తుంది. ఆస్పిరిన్ కూడా 108 వాళ్లో డాక్టరో చెబితేనే.

ఇక డైక్లోఫెనాక్. దీని మీద కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. షటిల్ ఆడేవాళ్ల కిట్ బ్యాగు పక్క జిప్పు తీస్తే క్రేప్ బ్యాండేజీ, నొప్పి స్ప్రే, సగం అయిపోయిన నొప్పి మాత్రల స్ట్రిప్ ఉంటున్నాయి. ఒకరికి నొప్పి అంటే ఇంకొకరు తమ స్ట్రిప్‌లోంచి తుంచి ఇస్తారు. గుంటూరు నుంచి నా దగ్గరికి వచ్చే ఒక పేషెంటు అలాగే మొదలుపెట్టారు. కాళ్లు వాస్తున్నాయని వచ్చారు. క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. ఏం మందులు వాడుతున్నారంటే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే జేబులోంచి మడతలు పడిన చీటీ తీశారు. ఎప్పుడో మోకాలికి ఐదు రోజులకని రాసిన చీటీ అది. దాంతోనే రెండేళ్లు మెడికల్ షాపులో కొనుక్కున్నారు. మాత్ర ఆపాక ఆయన కిడ్నీలు కోలుకున్నాయి. అందరికీ అలా జరగదు.

మీ విషయంలో ప్రమాదం ఇంకా స్పష్టంగా ఉంది. టెల్మిసార్టన్ ఒకటి, హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు మాత్ర ఒకటి, వాటి మీద డైక్లోఫెనాక్. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోయి ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. దానికి తోడు మన విజయవాడ ఉక్కపోత. గంటన్నర ఆటలో చొక్కా పిండేంత చెమట పోతుంది, ఒంట్లో నీరు తగ్గిన సమయంలోనే ఈ మూడు మందులూ ఒంట్లో ఉంటాయి. పైగా నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పనిని తగ్గిస్తాయి. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్ అసలు ఇవ్వకూడదు. అంటే ఛాతీలో బరువు వస్తున్న మనిషి గుండెపోటు ముప్పు పెంచే మందు వేసుకుని మరీ పరిగెత్తుతున్నారు. ఇది డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు. షాపువాళ్లు అడగలేదు కాబట్టి ఫర్వాలేదని అర్థం కాదు.

డైక్లోఫెనాక్ ఈరోజే ఆపేయండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరు మార్చమంటేనే మార్చాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, జిమ్‌లో ఇచ్చిన డబ్బాలతో సహా.

దసరా సీజన్ అయ్యాక, పెళ్లిళ్ల హడావుడి తగ్గాక, ఈ టోర్నమెంటు ఒక్కటి ఆడేశాక వెళ్దాం అనుకోవద్దు. షాపు ఉన్నవాళ్లు వాయిదాకు ఎప్పుడూ ఒక కారణం చెబుతారు, నాకు బాగా తెలుసు. ఒక్కపూట షట్టర్ దించండి.

మీ వాట్సాప్ గ్రూపు మంచిదే. నేను ఇలాంటి బ్యాచ్‌లను ప్రోత్సహిస్తాను. ఒక్కడే అయితే మంచం దిగని మనిషి నలుగురు పిలిస్తే లేచి వస్తాడు. ఎంత ఆడారు, ఎంత నడిచారు అన్నవి పంచుకోండి, మాత్రల పేర్లు మాత్రం పంచుకోవద్దు. ఎవరి బీపీ, ఎవరి షుగర్, ఎవరి కిడ్నీ వారివి. గ్రూపులో ఇంకెవరైనా ‘గ్యాస్’ అంటుంటే ఈ జవాబు వాళ్లకూ పంపండి.

మోకాలి గురించి క్లుప్తంగా. వాపు వస్తున్నా, మధ్యలో పట్టేసి చాపలేకపోతున్నా, కాలు ఒక్కసారిగా లొంగిపోతున్నా ఎముకల డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేకపోతే తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలు, బరువు తగ్గడం, సిమెంటు కోర్టు వదిలి చెక్క లేదా సింథటిక్ కోర్టుకు మారడం మాత్ర కంటే ఎక్కువ మేలు చేస్తాయి. షటిల్‌లో పరుగు తక్కువ, ఉన్నట్టుండి ఆగడం, వంగడం, తిరగడం ఎక్కువ. నలభై దాటినవాళ్లు వామప్ లేకుండా నేరుగా గేమ్‌లోకి దిగితే మోకాలితో పాటు మడమ పైనున్న అకిలిస్ స్నాయువు కూడా తెగే అవకాశం ఉంది. వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించింది అంటారు అలా తెగినవాళ్లు. కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పటి నుంచి, 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చినప్పటి నుంచి మా గుంటూరు కుర్రాడు అంటూ ఇక్కడ అందరూ రాకెట్ పడుతున్నారు. చాలా సంతోషం. ఆ స్థాయి ఆటగాళ్లు వామప్‌కు ఇచ్చే విలువలో కొంతయినా మీరు ఇవ్వండి. పది నిమిషాలు చాలు.

మీ టార్గెట్ల విషయానికొస్తే, 75 కిలోలు మంచి లక్ష్యమే. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, దాదాపు 30. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం కింద లెక్క. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి, టేపుతో కొలుచుకోండి. అయితే వారానికి అరకిలో తగ్గితే చాలు. ఆ లెక్కన 11 కిలోలకు ఐదారు నెలలు పడుతుంది. మీకు వ్యాయామం తక్కువై బరువు పెరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం. మీరు షటిల్ ఒక్కటే 600 నిమిషాలు దాటి ఆడుతున్నారు. కాబట్టి ఆట అయ్యాక బ్యాచ్ అంతా కలిసి తినే నెయ్యి కారం దోసె, పునుగుల దగ్గర వెతకండి. రాత్రి షాపు మూశాక పది గంటలకు తినే భోజనం దగ్గర వెతకండి. ఆవకాయ, గోంగూర పచ్చడి రోజూ వేసుకుంటే బీపీ మాత్ర ఎంత పనిచేసినా చాలదు. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే దాదాపు ఒక టీస్పూను.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు. ఈ చలికాలం అనే గడువు తీసేయండి. గుండె డాక్టరు సరే అన్నాక నడకతో మొదలుపెట్టి, నడక మధ్యలో కొంచెం పరుగు కలుపుతూ, వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ నెలల మీద చేరాలి. వచ్చే ఏడాది పరిగెత్తినా విశాఖ బీచ్ రోడ్డు అక్కడే ఉంటుంది. వారంలో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి, రెండు రోజులు కండరాల వ్యాయామానికి ఉంచండి.

వాచీ విషయం. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకె గరిష్ఠ గుండె వేగం అని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. మీకు 174 వస్తుంది. అంటే 170 దగ్గర మీరు దాదాపు చివరి అంచున ఆడుతున్నారు. ఈ లెక్క అందరికీ సరిగ్గా సరిపోదు, చేతి వాచీలు ఆటలో తప్పు చూపించడమూ ఉంది. మామూలు రోజుల్లో నేను చెప్పేది, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా రెండు వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో ఉండమని. ప్రస్తుతానికి మీకు అదీ వద్దు.

ప్రొటీన్ పౌడర్ క్రియాటినిన్ రిపోర్టు చూశాకే. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు ఒక గ్రాము లోపే చాలు. గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. పప్పు, పెరుగు, సెనగలు, చేప తింటే చాలామందికి డబ్బా అవసరం రాదు. బూట్లు షటిల్‌కు వేరు, పరుగుకు వేరు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, సైజు సరిగ్గా తెలుస్తుంది. రిపోర్టులు వచ్చేదాకా ఆ ఖర్చు కూడా ఆపుకోవచ్చు.

మీ ఆవిడ పరగడుపున నడవొచ్చు. లేవగానే థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో వేసుకుని, కాఫీ, టిఫిన్‌కు ముందు ఎలాగూ అరగంట నుంచి గంట ఆగాలి, ఆ సమయంలో నడిస్తే సరిపోతుంది. మొదట్లో పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే మాత్రం ఏమీ తినకుండా బయల్దేరొద్దు, డాక్టరును అడగాలి. ఎలాగూ మీరు హాస్పిటల్‌కు వెళ్తున్నారు కాబట్టి ఆమెనూ వెంట తీసుకెళ్లి బీపీ, షుగర్, థైరాయిడ్ ఒకేసారి చూపించండి. డాక్టరు మిమ్మల్ని ప్రశ్నలు అడిగేటప్పుడు ఆమె పక్కనే ఉండటం మంచిది. ఛాతీ బరువు నిజంగా ఎప్పటి నుంచి ఉందో, రోజుకు ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారో ఆమె సరిగ్గా చెబుతారు.