గర్భిణి కండక్టరుకు లైట్ డ్యూటీ: యూనియన్ పని కాదంటే కుదురుతుందా?

ప్రశ్న: నేను ఒక బస్సు సంస్థలో నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద కండక్టరుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు ఐదో నెల. డాక్టరు అక్టోబరు 20ని కాన్పు తేదీగా రాశారు. కిక్కిరిసిన బస్సులో గంటల కొద్దీ నిలబడి టిక్కెట్లు కొట్టలేకపోతున్నాను. కౌంటర్లో కూర్చునే పని ఇమ్మంటే, కాంట్రాక్టు వాళ్లకు అలాంటివి లేవనీ, కావాలంటే జీతం లేని సెలవు పెట్టుకోమనీ డిపోలో చెప్పారు. యూనియన్ నాయకుడి దగ్గరకు వెళితే, ‘అది మీ ఇంటి విషయమమ్మా, యూనియన్ ఏం చేస్తుంది’ అన్నారు. చట్టప్రకారం నాకున్న దారి ఏమిటి?

జవాబు: మీకు డిపోలో చెప్పిన మాట తప్పు. యూనియన్ నాయకుడు చెప్పినది అంతకంటే పెద్ద తప్పు. ఎందుకంటే మీ సమస్యలో చట్టం నేరుగా ఆదుకునే భాగం కొంతే ఉంది, మిగిలిన భాగాన్ని పూడ్చవలసినది యూనియనే.

ముందుగా కాంట్రాక్టు సంగతి. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ (దినసరి హాజరు పట్టీ) మీద పనిచేసిన మహిళా కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే, ప్రసూతి ప్రయోజనం పర్మినెంటు ఉద్యోగులకే పరిమితం కాదనీ, దినసరి కూలికి పనిచేసే స్త్రీకీ వర్తిస్తుందనీ తేల్చిచెప్పింది. కాన్పు తేదీకి ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఇద్దరు పిల్లల వరకు 26 వారాల వేతన సెలవు లభిస్తుంది, అందులో 8 వారాలకు మించకుండా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, ఈ హక్కులు దాదాపు యథాతథంగా కొనసాగుతున్నాయి. మీ జీతంలో ఈఎస్ఐ కోత పడుతున్నట్లయితే సెలవు కాలపు డబ్బు సంస్థ నుంచి కాక ఈఎస్ఐ నుంచి వస్తుంది కనుక, పే స్లిప్పు ఒకసారి చూసుకోండి.

ఇక లైట్ డ్యూటీ. కాన్పు తేదీకి ఆరు వారాల ముందు మొదలయ్యే కాలానికీ, దానికి ముందున్న ఒక నెలకూ, గర్భిణి కోరినప్పుడు ఆమెతో శ్రమతో కూడిన పని గానీ ఎక్కువసేపు నిలబడవలసిన పని గానీ చేయించరాదని చట్టం చెబుతోంది. కండక్టరు ఉద్యోగానికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే మాట చట్టంలో మరొకటి ఉండదు. మీ విషయంలో ఆరు వారాలు సెప్టెంబరు 8న మొదలవుతాయి, దాని ముందు నెల ఆగస్టు 8న. అంటే ఆగస్టు 8 నుంచి మీరు రాతపూర్వకంగా కోరితే మిమ్మల్ని బస్సెక్కించే అధికారం డిపోకు లేదు. మరొక ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఇలా తేలికపాటి పని ఇచ్చినందుకు మీ మామూలు జీతంలో కోత పెట్టడం కూడా చట్టవిరుద్ధమే. ‘కూర్చునే పనికి కండక్టరు జీతం ఎందుకు’ అనే వాదన నేను చాలాసార్లు విన్నాను, అది నిలవదు.

కానీ ఇప్పటి నుంచి ఆగస్టు 8 వరకు ఉన్న వారాల మాటేమిటి? ఇక్కడ చట్టం నేరుగా లైట్ డ్యూటీ ఇమ్మని చెప్పదు. గర్భధారణ వల్ల అనారోగ్యం ఉందని డాక్టరు ధ్రువపత్రం ఇస్తే అదనంగా ఒక నెల వేతన సెలవు పొందే వీలుంది కానీ, అది పని మార్పు కాదు, పైగా ముందే వాడేసుకుంటే కాన్పు తర్వాత అవసరపడినప్పుడు ఉండదు. ఐదో నెలలో నైటవుట్ డ్యూటీ (రాత్రి బయటి ఊళ్లో ఉండాల్సిన డ్యూటీ) వేయకూడదు, ఘాట్ రోడ్డు సర్వీసు ఇవ్వకూడదు, బస్సు తిరిగే చివరి స్టేజీలో మరుగుదొడ్డి ఉండాలి వంటి నిబంధనలు రావలసినది సర్వీసు నియమాల్లోంచి, లేదా యాజమాన్యంతో యూనియన్ కుదుర్చుకునే ఒప్పందంలోంచి. దీన్ని ‘ఇంటి విషయం’ అనడం యూనియన్ తన పనిని తానే వదులుకోవడం. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, అంటే ఐటీఎఫ్, 2019లో రవాణా కార్మికుల పారిశుద్ధ్య చార్టరును వెలువరించింది. దారిలో మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడం మానేసి మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చుకునే మహిళా డ్రైవర్ల, కండక్టర్ల బాధ ప్రపంచమంతటా యూనియన్ల చర్చల బల్ల మీదకు వచ్చిన సంగతి మీ నాయకుడికి తెలియజేయండి.

ఒప్పందం అన్న మాటను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికుల 52 రోజుల సమ్మె ముగిశాక, మహిళా ఉద్యోగులకు రాత్రి 8 గంటల తర్వాత డ్యూటీ ఉండదని నాటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అది ఆహ్వానించదగ్గదే. కానీ ప్రకటన వేరు, యాజమాన్యం, యూనియన్ సంతకాలు పడిన సెటిల్‌మెంటు (ఒప్పందం) వేరు. కార్మిక శాఖ రాజీ అధికారి (కన్సిలియేషన్ ఆఫీసర్) సమక్షంలో కుదిరిన సెటిల్‌మెంటు యూనియన్ సభ్యులు కాని వారికీ, తర్వాత ఉద్యోగంలో చేరే వారికీ కూడా వర్తిస్తుంది, దాన్ని ఉల్లంఘిస్తే నిలదీయవచ్చు. ప్రకటనను నిలదీయడానికి పట్టుకునే కాగితం ఉండదు.

మీరు చేయవలసిన పని ఇది. డిపో మేనేజరుకు దరఖాస్తు రాసి, కాన్పు తేదీ ఉన్న డాక్టరు పత్రం జతచేసి, నకలు మీద తేదీతో సహా స్టాంపు వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపండి. అందులో రెండు కోరికలు విడివిడిగా ఉండాలి: ఆగస్టు 8 నుంచి హక్కుగా లైట్ డ్యూటీ, అప్పటి వరకు వైద్య కారణంతో కౌంటరు పని. జీతం లేని సెలవు ఫారం మీద ఎవరు పెట్టమన్నా సంతకం పెట్టవద్దు, అది మీరే కోరుకున్న సెలవుగా రికార్డుకెక్కుతుంది.

స్పందన లేకపోతే ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లండి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఇది ఉండాలి, 30 రోజుల్లో విచారణ ముగించాలి. మీకు పనికొచ్చే నిబంధన మరొకటి ఉంది. మొత్తం కార్మికుల్లో స్త్రీలు ఎంత నిష్పత్తిలో ఉన్నారో కమిటీలో కనీసం అంత నిష్పత్తిలో వారికి స్థానం ఉండాలి. మీ డిపోలో ఐదో వంతు ఆడవాళ్లే అయి కమిటీలో ఒక్కరూ లేకపోతే ఆ కమిటీ కూర్పే చెల్లదని అభ్యంతరం చెప్పవచ్చు. కమిటీ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో రాజీ అధికారిని ఆశ్రయించాలి, ఆ దరఖాస్తు మీరు సభ్యురాలైన యూనియన్ ద్వారానే పోవాలి. అందుకే ఆ నాయకుడిని మీరు తప్పించుకోలేరు, ఆయనా మిమ్మల్ని తప్పించుకోలేడు. ప్రసూతి సెలవు డబ్బు నిరాకరిస్తే మాత్రం కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటరుకు మీరే నేరుగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

యూనియన్‌కు కూడా ఒక లేఖ రాయండి, మీరు ఒక్కరే కాక డిపోలోని మహిళా కండక్టర్లందరి సంతకాలతో. మౌఖికంగా ‘ఇంటి విషయం’ అన్న నాయకుడు అదే మాటను లెటర్‌హెడ్ మీద రాసివ్వడం చాలా అరుదు. పలు యూనియన్లున్న చోట యాజమాన్యంతో చర్చించే హక్కున్న ఏకైక యూనియన్‌గా గుర్తింపు పొందాలంటే ఇప్పుడు 51 శాతం కార్మికుల మద్దతు కావాలి, స్త్రీలు ఎక్కువగా ఉన్న డిపోలో ఆ లెక్క మహిళల సభ్యత్వ రసీదులు లేకుండా తేలదు.