పచ్చి ఆహారానికి మారేదెలా?

ప్రశ్న: వండని ఆహారానికి మారాలని వారం నుంచి మూడు పూటలా మొలకలు, పచ్చి కూరగాయలే తింటున్నాను. కడుపు ఉబ్బరం తగ్గట్లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పీచు ఒక్కసారిగా పెరిగితే పేగుల్లోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. మూడు పూటలూ ఒకేసారి మార్చకండమ్మా. రెండు వారాలు ఉదయం మాత్రమే పండ్లు, కీరా, క్యారెట్ తురుము తినండి. తర్వాత మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక కప్పు సలాడ్ చేర్చండి. పచ్చి క్యాబేజీ, ఉల్లిపాయ ఇప్పుడే వద్దు, ఉబ్బరం వాటితో ఇంకా పెరుగుతుంది. నీళ్లు బాగా తాగండి.

మొలకలతో మరీ జాగ్రత్త. పెసలు 8 గంటలు నానబెట్టి, నీళ్లు వంపేసి, తడిగుడ్డలో మూటకడితే మర్నాటికి మొలకెత్తుతాయి. ఆ వెచ్చటి తడిలోనే జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా కూడా పెరుగుతుంది, కడిగినా పూర్తిగా పోదు. అందుకే మీ నియమం కాస్త సడలినా సరే, పొగలు వచ్చేదాకా ఆవిరిమీద ఉడికించి తినమనే చెబుతాం. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు పచ్చి మొలకలు అసలు తినకూడదు. రాజ్మా మొలకెత్తినా పచ్చిగా వద్దు, అందులోని లెక్టిన్ అనే ప్రొటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. చేమదుంప, కర్రపెండలం కూడా ఉడకాల్సిందే.

పాలు, పెరుగు కూడా మానేస్తే విటమిన్ బి12 అందదు. డాక్టర్‌ను అడిగి మాత్రలు వేసుకోండి.