డెల్టా ఆకాశం, చిన్న టెలిస్కోపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా దగ్గర 80 మి.మీ. కటకం, 480 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న చిన్న టెలిస్కోపు, ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నాయి. మామూలు స్టాండుకు బిగించి ఒరాయన్ నెబ్యులాను (ఒరాయన్ నక్షత్ర మండలంలోని వాయు, ధూళి మేఘాన్ని) 30 సెకన్ల ఎక్స్‌పోజరుతో తీస్తే నక్షత్రాలు గీతలుగా పడుతున్నాయి. పెద్ద టెలిస్కోపు కొనమని మిత్రులు అంటున్నారు. ఉత్తరాన కొబ్బరితోట అడ్డుగా ఉండడం వల్ల మా డాబా మీది నుంచి ధ్రువనక్షత్రం కూడా కనిపించదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పెద్ద టెలిస్కోపు కొనవద్దు. నాభ్యంతరం పెరిగితే గీతలు ఇంకా పొడవవుతాయి. భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖ) దగ్గరి నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) చొప్పున పడమరకు జరుగుతుంటాయి. మీ టెలిస్కోపుకు 4.3 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాను తగిలిస్తే ఒక్కో పిక్సెలుకు ఆకాశంలో సుమారు 1.85 ఆర్క్‌సెకన్ల మేర వస్తుంది కాబట్టి, 30 సెకన్లలో నక్షత్రం 240 పిక్సెళ్లకు పైగా పాకిపోతుంది. ఈ చలనాన్ని అనుసరిస్తూ 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరిగే ఈక్వటోరియల్ మౌంటు (టెలిస్కోపును మోస్తూ తిప్పే యంత్రం) మీకు కావాలి. డబ్బు ఎంత ఉన్నా, ఎంత తక్కువ ఉన్నా, దానిలో పెద్ద వాటా మౌంటుకే పెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం.

అయితే మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. మౌంటు అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి, అంటే మీ ఊరి అక్షాంశమంత ఎత్తుకు, సుమారు 16½ డిగ్రీలకు, వాలి ఉండాలి. ఉత్తరాన ఎక్కువ అక్షాంశాల్లో ఉన్న దేశాలను దృష్టిలో పెట్టుకొని తయారైన కొన్ని మౌంట్లు అంత కిందికి దిగవు. దిగినా, టెలిస్కోపుకు సమతూకంగా ఉండే వాటి ప్రతిభారం స్టాండు కాలికి తగులుతుంది. అందువల్ల కొనే ముందే ఈ రెండు విషయాలూ అమ్మకందారును అడిగి తేల్చుకోండి.

ధ్రువనక్షత్రం కనిపించకపోవడం పెద్ద అడ్డంకి కాదు. దిక్సూచితో అక్షాన్ని ఉత్తరానికి, డిగ్రీల కొలతతో 16½కు సుమారుగా పెట్టి, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉండి నడినెత్తిన దక్షిణోత్తర రేఖను దాటబోతున్న ఒక నక్షత్రాన్ని కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తూ ఉండండి. అది దక్షిణానికి జారితే అక్షం తూర్పు వైపు ఎక్కువ తిరిగి ఉందని, ఉత్తరానికి జారితే పడమర వైపు తిరిగి ఉందని అర్థం. తరువాత తూర్పున కొంత పైకి వచ్చిన నక్షత్రంతో అక్షం ఎత్తు సరిచూడాలి. ఒరాయన్ నడుము పట్టీలో ముందుగా ఉదయించే మింటకా ఇందుకు చక్కగా సరిపోతుంది. అది దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉన్నట్టు, ఉత్తరానికి జారితే పైకి ఉన్నట్టు. మొదటిసారి దీనికి చాలాసేపు పడుతుంది. ఒకసారి కుదిరాక స్టాండు కాళ్ల చోటును డాబా మీద రంగుతో గుర్తు పెట్టుకుంటే మరుసటి రాత్రి పని చాలావరకు తప్పుతుంది.

ఇక ఎక్స్‌పోజరు విషయం. ఒకే పొడుగాటి ఫొటో కోసం ప్రయత్నించకుండా, రా ఫార్మాట్‌లో 60 సెకన్లవి వంద తీసి, ఉచితంగా దొరికే కంప్యూటర్ ప్రోగ్రాములైన సిరిల్‌లోనో డీప్‌స్కైస్టాకర్‌లోనో ఒకదానిపై ఒకటి పేర్చండి. ఫొటోల సంఖ్య నాలుగింతలైతే నాణ్యత రెండింతలవుతుంది. సెన్సర్ వేడెక్కేకొద్దీ ఫొటోలో రవ్వల్లాంటి చుక్కలు పెరుగుతాయి. మన రాత్రులు వెచ్చనివి గనుక, అదే రాత్రి, అదే ఎక్స్‌పోజరుతో, మూత పెట్టి ఓ ఇరవై డార్క్ ఫ్రేములు (ఆ చుక్కలను తీసేయడానికి వాడే చీకటి ఫొటోలు) తీయడం ఇక్కడ మరీ అవసరం. ఒరాయన్ నెబ్యులా నడిబొడ్డున ఉన్న నాలుగు నక్షత్రాల గుంపు 60 సెకన్లలో తెల్లగా మాడిపోతుంది. దానికోసం 5 సెకన్లవి కొన్ని వేరుగా తీసి, చివర్లో కలుపుకోవాలి.

ప్రశ్న: పుస్తకాల్లో ఎర్రగా మెరిసే నెబ్యులాలు నా కెమెరాలో బూడిద రంగులో వస్తున్నాయి. కెమెరా లోపలి ఫిల్టరు తీయించమంటారా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఆ ఎరుపు హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర వెలువరించే కాంతి. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టరు దానిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. అందుకే కెనాన్ 2012లో 60డీఏ పేరుతో ఖగోళ ఫొటోలకే ప్రత్యేకంగా ఒక కెమెరా తెచ్చింది. ఫిల్టరు తీయిస్తే పగటి ఫొటోలు ఎర్రబారుతాయి. ఇంట్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వాడేది ఆ ఒక్క కెమెరాయే అయితే తీయించవద్దు. కృత్తికల చుట్టూ ఉన్న నీలిరంగు ధూళి, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ, బంతిలా గుమిగూడిన గోళాకార నక్షత్ర గుచ్ఛాలు మామూలు కెమెరాకు పూర్తిగా అందుతాయి.

ప్రశ్న: మాది చెరువుల ప్రాంతం. రాత్రి పది దాటేసరికి టెలిస్కోపు కటకం మీద మంచు పడుతోంది, గుడ్డతో తుడుస్తున్నాను. పాత లెన్సు ఒకదానికి బూజు కూడా పట్టింది.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: దయచేసి తుడవడం ఆపండి, కటకం పైపూత గీతలు పడుతుంది. మబ్బులేని ఆకాశం వైపు తిరిగి ఉన్న గాజు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. చెరువులు, కాలువలు, నీరు నిలిచిన వరిచేల మధ్య గాలిలో తేమ ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబట్టి, ఆ గాజు ఒకటి రెండు డిగ్రీలు చల్లబడినా చాలు, నీరు పేరుకుంటుంది. కాబట్టి గాజును గాలికన్నా కొంచెం వెచ్చగా ఉంచడమే పరిష్కారం. గొట్టం వ్యాసానికి రెండింతల పొడవున్న తొడుగును కటకం ముందు బిగించి, కటకం వెనుక భాగాన 12 వోల్టుల హీటరు పట్టీని చుట్టి, మంచు పడకముందే తక్కువ వేడితో పెట్టండి. చెరువు గట్టుకన్నా డాబా నయం, గాలి ఆడే రాత్రి మరీ నయం. ఏసీ గదిలోంచి తెచ్చిన టెలిస్కోపును వెంటనే బయట తెరిస్తే క్షణాల్లో మసకబారుతుంది. కొంతసేపు మూత తీయకుండా బయటే ఉంచాలి.

బూజు సంగతి కూడా తేమతోనే ముడిపడి ఉంది. పని ముగిశాక తడి మీదనే సంచిలో పెట్టి మూయడం మానండి. ఫ్యాను గాలికి ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో భద్రపరచండి. జెల్ రంగు మారినప్పుడు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. ఇప్పటికే బూజు పట్టిన లెన్సును మెకానిక్‌కు చూపించి, మిగిలిన వాటికి దూరంగా ఉంచండి.

ప్రశ్న: మేం సముద్రం ఒడ్డున ఉన్నాం. ఉత్తరాది వాళ్లకు అంతగా అందనిది మాకు ఏదైనా అందుతుందా?
– ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: నిస్సందేహంగా. ఒమెగా సెంటారి అనే గోళాకార గుచ్ఛంలో సుమారు కోటి నక్షత్రాలు ఉన్నాయి. ఢిల్లీలో అది దిగంతం నుంచి 14 డిగ్రీలకు మించి లేవదు. మీకు 26 డిగ్రీలు లేస్తుంది. ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టోలెమీ దీన్ని నక్షత్రంగా జాబితాలో చేర్చగా, 1677లో సెయింట్ హెలెనా దీవి నుంచి చూసిన ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ ఇది మామూలు నక్షత్రం కాదని గుర్తించాడు. దక్షిణాన మీకు ఊళ్ల దీపాలు లేవు, వేట పడవల వెలుగు తప్ప. ఏప్రిల్ నడుమ అర్ధరాత్రి వేళకు, మే నడుమ రాత్రి పదింటికి ఇది దక్షిణాన అత్యంత ఎత్తులో ఉంటుంది. అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజుల్లో, ఆ వేళకు గంట ముందు నుంచి గంట తరువాత వరకు 30 సెకన్ల ఫొటోలు వరుసగా తీయండి. ఉప్పుగాలి తగిలిన కటకాన్ని మాత్రం ఇంటికి రాగానే మెత్తని బ్లోయరుతో ఊది, పైన చెప్పినట్టు ఆరబెట్టండి.