విండోస్ 10 తర్వాత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సపోర్ట్ (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత ఈ శీర్షికకు గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు కంప్యూటరే జీవనాధారమైన వారివి. ఇంట్లో సినిమా చూసుకునే కంప్యూటరు మారితే పోయేదేమీ ఉండదు. ప్రెస్సులోనో, మిల్లు ఆఫీసులోనో ఉన్న కంప్యూటరుకు మాత్రం ఫాంట్లు, డిజిటల్ సంతకం టోకెన్లు, సాఫ్ట్‌వేరు తాళాలు, ప్రింటర్లు అంటుకుని ఉంటాయి. అందుకే కింది జవాబులన్నింటిలోనూ ముందుగా చూసింది ఒక్కటే: విండోస్ మారితే వాటిలో ఏది మొరాయిస్తుంది?

ప్రశ్న: అయ్యా, మా ప్రెస్సులో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతోనే తయారవుతాయి. రెండు కంప్యూటర్లలోనూ 32 బిట్ విండోస్ 10 ఉంది. కొత్తది కొంటే విండోస్ 11 తప్ప మరొకటి రాదంటున్నారు. అందులో పేజ్‌మేకర్ నడవదని ఒకరు, నడుస్తుందని మరొకరు చెబుతున్నారు. మూఢం వెళ్లగానే పెళ్లిళ్ల పని మీద పడుతుంది. ఏం చేయమంటారు? (ఒక ముద్రణాలయ యజమాని, భీమవరం)

జవాబు: మీకు చెప్పిన ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేదు, ఉన్నది 64 బిట్ ఒక్కటే. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి కానీ, అంతకు ముందు తరానికి చెందిన 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. పేజ్‌మేకర్ 7 అనేది 32 బిట్ ప్రోగ్రామే కనుక, విండోస్ 11లో అది నడవకూడదన్న నియమమేమీ లేదు. అయితే ఆ కాలపు సాఫ్ట్‌వేర్లలో కొన్నింటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌లో ఉండేవి, అలాంటివి కొత్త విండోస్‌లో సీడీ దగ్గరే ఆగిపోతాయి. పైగా అడోబీ పేజ్‌మేకర్ 7ను విడుదల చేసింది 2001లో, ఆ తర్వాత మరో కొత్త వెర్షన్ రాలేదు. ఇప్పుడు ఏదైనా ఇబ్బంది వస్తే బాగుచేసే నాథుడు లేడన్న సంగతి ముందే తెలుసుకుని ఉండాలి.

నిజానికి మీరు భయపడవలసింది పేజ్‌మేకర్ గురించి కాదు. మీ ఫాంట్లకో, మరే ఇతర సాఫ్ట్‌వేరుకో యూఎస్‌బీలో గుచ్చితేనే సాఫ్ట్‌వేరు నడిచే హార్డ్‌వేర్ లాక్ ఉంటే, దాని డ్రైవరు (ఆ పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాము) 64 బిట్‌లో దొరుకుతుందా లేదా అన్నదే మీ విషయంలో తేల్చుకోవలసిన అసలు ప్రశ్న. 32 బిట్ డ్రైవరు 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. 64 బిట్‌దే అయినా మరీ పాతదైతే, కొత్త కంప్యూటర్లలో ముందుగానే ఆన్ చేసి ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ దానిని అడ్డుకోవచ్చు. ఆ రక్షణను ఆపేస్తే లాక్ పనిచేయవచ్చు కానీ, కంప్యూటరు భద్రత ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి కంప్యూటరు కొనక ముందే ఫాంట్లు అమ్మినవారిని మీ వెర్షన్‌కు విండోస్ 11 డ్రైవరు ఉందా అని అడిగి, ఉంటే తెప్పించుకోండి. మరో హెచ్చరిక కూడా ఉంది. తక్కువ కరెంటుతో రోజంతా పనిచేస్తాయని చెప్పి స్నాప్‌డ్రాగన్ ప్రాసెసరున్న ల్యాప్‌టాపులు అమ్ముతున్నారు. వాటికి డ్రైవర్లు ప్రత్యేకంగా తయారుచేయాలి కనుక, పాత లాక్‌లను నమ్ముకున్న ప్రెస్సు వారు వాటి జోలికి పోకపోవడమే మేలు.

రెండు కంప్యూటర్లనూ ఒకేసారి మార్చవద్దని నా సలహా. ఒకదానిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, దానికి ఇంటర్నెట్ తీగను, వైఫైని పూర్తిగా తీసేయండి. పేజ్‌మేకర్ పని అందులోనే చేసుకోండి. కొత్త కంప్యూటరులో విండోస్ 11తో మెయిలు, వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు, ప్లేట్లకు పంపే పీడీఎఫ్‌ల పని చూసుకోండి. ఈ రెంటి మధ్య తిరిగే పెన్‌డ్రైవ్‌ను ప్రతిసారీ కొత్త కంప్యూటరులో స్కాన్ చేశాకే పాతదానిలో పెట్టాలి. మన డీటీపీ సెంటర్లలో వైరస్‌లు ఎక్కువగా తిరిగింది ఆ దారిలోనే. సపోర్ట్ ముగిసిన విండోస్ గండి పడితే పూడ్చేవారు లేని ఏటిగట్టు లాంటిది. నీరు గట్టును తాకనంతకాలం ఇబ్బంది లేదు, నెట్‌కు తగిలించడమంటే వరదను పిలవడమే.

ఇంతటితో వచ్చే కొన్నేళ్లు గడుస్తాయి. ఆ తర్వాత సంగతి కూడా ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతి) కాదు. ఆ ఫైలును ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేది అందుకే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ, మార్చిన ప్రతి పేజీలో వత్తుల దగ్గర, విరామచిహ్నాల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక ప్రూఫు తప్పనిసరి. పాత సరుకంతా మార్చాలని కూర్చుంటే ఆ పని తెమలదు. ఏటా మళ్లీ వచ్చే పనులను, అంటే స్కూలు పుస్తకాలు, దేవాలయాల ఉత్సవ పత్రికలు, సొసైటీల వార్షిక నివేదికల వంటి వాటిని మాత్రమే మార్చుకుని, మిగిలినవన్నీ పీడీఎఫ్‌లుగా దాచుకోవడం చాలు. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవగలిగినది అడోబీదే మరో పేజీల ప్రోగ్రామైన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ వరకే, తర్వాతి వెర్షన్లలో ఆ సౌకర్యం తీసేశారు. ఎవరి దగ్గరైనా సక్రమంగా కొన్న సీఎస్6 ఉంటే దానిని పారేయవద్దని చెప్పండి. మండలి, రామభద్ర, మల్లన్న, సురవరం వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. బిల్లు పుస్తకాలకూ కరపత్రాలకూ అవి చక్కగా సరిపోతాయి. శుభలేఖల్లో మనవాళ్లు కోరే వంపులకు మాత్రం పాత ఫాంట్లలో ఉన్నంత వైవిధ్యం వాటిలో లేదు. అందుకే శుభలేఖలను అన్నిటికంటే చివర మార్చండి.

ఇవన్నీ పెట్టుకోవలసింది మూఢం రోజుల్లోనే. ముహూర్తాలు మొదలయ్యాక ప్రెస్సులో కంప్యూటరు విప్పకూడదు.

ప్రశ్న: నమస్కారమండీ. నేను కొన్ని రైసు మిల్లులకు, ఒక రొయ్యల మేత డీలరుకు అకౌంట్లు రాస్తాను. నా కంప్యూటరు ఐ5 నాలుగో తరానిది, విండోస్ 11కు పనికిరాదని చూపిస్తోంది. సర్వీసు చేసే అబ్బాయి బైపాస్ చేసి ఎక్కించేస్తానంటున్నాడు. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెను, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉన్నాయి. మార్చితే ఏ నెలలో మార్చాలి? (ఒక అకౌంటెంటు, మండపేట)

జవాబు: ఆ అబ్బాయి చెప్పినట్టు ఎక్కించడం సాధ్యమే, కానీ మీరు చేయించవద్దు. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస, లేదా వాటి తర్వాతి ప్రాసెసర్లు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన పెట్టింది. నిబంధనను తప్పించి ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని కూడా ఆ సంస్థే స్పష్టంగా చెబుతోంది. పదిమంది వ్యాపారుల లెక్కలు, వారి పాస్‌వర్డులు ఉన్న కంప్యూటరును అలాంటి స్థితిలో ఉంచడం తగదు.

కొంత గడువు కావాలంటే పొడిగింపు పథకం ఉంది. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉంటే, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకుని 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగ్స్ బ్యాకప్‌ను ఆన్ చేస్తే ఇది ఉచితం, లేదంటే 30 డాలర్లు కట్టాలి. అయితే ఇది వ్యక్తుల కోసం పెట్టినది. సంస్థల కంప్యూటర్లకు ఉన్న వేరే పథకంలో కంప్యూటరుకు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు చొప్పున గరిష్ఠంగా మూడేళ్లు కట్టవచ్చు. మూడేళ్లకూ కలిపి 427 డాలర్లు అవుతాయి. నాలుగో తరం కంప్యూటరు మీద అంత ఖర్చు పెట్టే బదులు కొత్తది కొనుక్కోవడమే తెలివైన పని.

ఇక నెల సంగతి. సార్వా ధాన్యం దిగే నవంబరు, డిసెంబరుల్లో మిల్లు వారు మిమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వరు. మార్చిలో సంవత్సరాంతం, ఆ వెంటనే దాళ్వా. జనవరి 31కి మూడో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను దాఖలు చేశాక, ఫిబ్రవరి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు వచ్చేలోగా దొరికే కొద్ది రోజులే మీకు అనువైనవి. అవి తప్పిపోతే దాళ్వా లెక్కలు తేలాక జూన్‌లో పెట్టుకోండి.

కొత్త కంప్యూటరు వచ్చిన రోజునే పాతదానిలో ట్యాలీ లైసెన్సును సరెండర్ చేయవద్దు. ముందుగా కొత్తదానిలో ట్యాలీని ఎడ్యుకేషనల్ మోడ్‌లో (లైసెన్సు లేకుండా నడిచే పద్ధతిలో) ఎక్కించి, బ్యాకప్‌ను రీస్టోర్ చేసి, ప్రతి కంపెనీ ట్రయల్ బ్యాలెన్సునూ పాతదానితో సరిచూసుకోండి. అన్నీ సరిపోయాకే పాతదానిలో సరెండర్ చేసి కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి. సంతకం టోకెను విషయంలో, దాని డ్రైవరుతో పాటు జీఎస్టీ పోర్టలుకు కావలసిన ఎమ్‌సైనర్‌ను కూడా మళ్లీ వేసుకోవాలి. గడువు రోజున కాకుండా నాలుగు రోజుల ముందే ఒకసారి సంతకం చేసి చూడండి. పిన్ గుర్తులేక వరుసగా తప్పు కొడితే టోకెను లాక్ అయిపోతుంది, అప్పుడు విండోస్‌ను నిందించి లాభం లేదు.

మరొక్క విషయం చాలామందికి తెలియడం లేదు. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో ప్రవేశించగానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లోకి తీసుకుపోయే ఏర్పాటు ఉంటుంది. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. ట్యాలీ డేటాను ఆ ఫోల్డర్లలో ఉంచకుండా డి డ్రైవులో వేరే ఫోల్డరు పెట్టుకోండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు తయారీదారు డ్రైవరు దొరకకపోతే, విండోస్‌లోనే ఉన్న జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవరుతో అక్షరాలు మాత్రమే ఉండే ప్రింటుకు పని గడుస్తుంది. పాత ప్రింటరుకు వెడల్పాటి ప్యారలల్ పోర్టు ఉంటే, కొత్త డెస్క్‌టాపులో అందుకు ప్రత్యేకంగా కార్డు వేయించుకోవచ్చు. ల్యాప్‌టాపు కొంటే ఆ వీలు ఉండదు.

ప్రశ్న: మా స్టూడియోలో ఆల్బమ్‌లు మిక్సింగ్ చేసే కంప్యూటరు ఎనిమిదో తరం ఐ5. అయినా విండోస్ 11కు పనికిరాదని వస్తోంది. ఎందుకు? (ఒక ఫోటోగ్రాఫరు, అమలాపురం)

జవాబు: మీ కంప్యూటరు పనికొచ్చేదే అయి ఉండాలి. అసెంబుల్ చేసిన డెస్క్‌టాపుల్లో టీపీఎంను ఆన్ చేయకుండానే ఇచ్చిన సందర్భాలు ఎన్నో. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఇంటెల్ పీటీటీ అన్న పేరుతో ఉండే టీపీఎంను ఆన్ చేయించి, సెక్యూర్ బూట్ అనే మరో రక్షణ సంగతి కూడా చూడమనండి. హార్డ్ డిస్కును భాగాలు చేసిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, కొత్తదైన జీపీటీకి మార్చాల్సి రావచ్చు. విండోస్‌లోనే దానికి ఉపకరణం ఉంది, అయినా పెళ్లి ఫోటోలను మరో డిస్కులోకి తీశాకే దాని మీద చేయి వేయాలి. విండోస్ 11 వచ్చాక డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ కావచ్చు, అంటే అందులోని డేటాకు తాళం పడవచ్చు. దానిని తెరిచే రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. అకౌంటు సర్వీసు అబ్బాయి పేరున కాకుండా మీ పేరున తెరిపించుకుని, ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకుండా డిస్కు ఇంకో కంప్యూటరులో తెరుచుకోదు.

ప్రశ్న: మా కాటా దగ్గర విండోస్ 7 కంప్యూటరు లారీల తూకం చీటీలు కొడుతుంది. దానికి నెట్ లేదు. ఇదే అదనుగా అన్నీ మార్చేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. (ఒక వే బ్రిడ్జి యజమాని, తాడేపల్లిగూడెం)

జవాబు: మీ అబ్బాయి ఉత్సాహం మంచిదే కానీ, ఇక్కడ అవసరం లేదు. విండోస్ 7కు సపోర్ట్ 2020 జనవరి 14నే పోయింది, అయినా మీ కాటా తూస్తూనే ఉంది కదా. నెట్ లేని కంప్యూటరు, ఒకే పని చేసే కంప్యూటరు, తూకం యంత్రానికి సీరియల్ పోర్టుతో కలిసిన కంప్యూటరు: ఈ మూడూ ఒకటే అయినప్పుడు దానిని కదపకపోవడమే ఉత్తమం. మీకు రాగల ముప్పు హార్డ్ డిస్కు చెడిపోవడం. దాని పూర్తి ఇమేజ్‌ను (ఉన్నదున్నట్టు నకలును) మరో డిస్కులోకి తీయించి బీరువాలో పెట్టుకోండి. ఎప్పుడైనా తప్పక మార్చవలసి వస్తే, చవకగా దొరికే యూఎస్‌బీ సీరియల్ తీగలతో జాగ్రత్త. వాటిలోని ప్రోలిఫిక్ కంపెనీ పాత చిప్పులకు విండోస్ 11లో సపోర్ట్ లేదు. తీగ బాగానే ఉన్నా అంకె మాత్రం తెర మీదికి రాదు. కాటా సాఫ్ట్‌వేరు ఇచ్చినవారినే అడిగి, వారు చెప్పిన తీగ కొనండి.

ప్రశ్న: మా ట్యుటోరియల్‌లో ఉన్న పాత కంప్యూటర్లు ఏవీ విండోస్ 11కు పనికిరావు. ప్రశ్నపత్రాలు టైపు చేయడం, నెట్ చూడటం తప్ప వేరే పని లేదు. లైనక్స్ వేసుకోవచ్చా? (ఒక అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లైనక్స్. మీ పనికి దానిని నిస్సందేహంగా వేసుకోవచ్చు. యూనికోడ్ తెలుగు అందులో చక్కగా కనిపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక ముందే ఉంటుంది, టైపు పనికి లిబ్రే ఆఫీసు ఉచితం. పాత ప్రశ్నపత్రాలు యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటే మాత్రం, వాటిని విండోస్‌లో ఉండగానే పీడీఎఫ్ చేసుకోండి. పైన రాసిన ప్రెస్సు వారికీ అకౌంటెంటు గారికీ ఇదే జవాబు వర్తించదు. పేజ్‌మేకరు గానీ ట్యాలీ గానీ లైనక్స్ కోసం తయారైనవి కావు. మీరు ముందుగా లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటరును అది గుర్తిస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాత ఒక్కో కంప్యూటరుకు వేయించుకోండి.